కొండ కాలిన రోజు అవ్వ పైనే ఉంది

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరితే మా పల్లె వెనక కొండ అంటుకునేది. పెనుకొండ వైపు కొండలు మీకు తెలుసు కదా... ఏనాటివో, అరిగి పొట్టివైన బండలు, మధ్యలో ముళ్లచెట్లు, బోదకసువనే ఎండుగడ్డి.

ఆ కసువు కాలితే వాన తొందరగా వస్తుందనీ, లేత గడ్డి మొలిచి గొర్రెలు బతుకుతాయనీ మావాళ్ల నమ్మకం. ఫారెస్టువాళ్ల అడవి, నిప్పు పెట్టకూడదని అందరికీ తెలుసు. ఎవరు పెట్టారని అడిగితే మాత్రం ఎవరూ పెట్టలేదు... కొండ దానంతటదే కాలింది!

ఆ ఏడు పెట్టింది మా నాయన. డొక్కలెండిన గొర్రెలు కళ్లముందే పడిపోతుంటే ఆయనకు ఇంకో దారి తోచలేదు.

నాయన తల్లి, మా అవ్వ, పొద్దున్నే ధర్మవరంలో అత్త ఇంటికని సంచి పట్టుకుని బయలుదేరింది. అందుకే ఆమె గురించి ఎవరమూ ఆలోచించలేదు. పిల్లలమంతా మిద్దెక్కి మంట చూస్తున్నాం.

అప్పుడొచ్చింది పక్కింటామె. బస్సు రాలేదని అవ్వ వెనక్కి వచ్చిందట. అప్పటికి మేం చేనికి పోయి మా ఇంటికి తాళముంటే సంచి వాళ్లింట్లో పెట్టి, తాడూ కొడవలీ అడిగి తీసుకుని కట్టెలకు కొండకు పోయిందట. ఒక పూట ఊరికే కూర్చుంటే ఆమె అవ్వ ఎట్లా అవుతుంది...

"మాయమ్మ ఆడుండాదా?" అన్నాడు నాయన. చెప్పులైనా వేసుకోలేదు, పరుగు. వెనక అమ్మ, నేను, సగం ఊరు.

కాళ్ల కింద బూడిద ఇంకా కాలుతోంది. పొగలో మనిషికి మనిషి కనిపించడం లేదు. నాయన "అమ్మా" అని అరిచిన ప్రతిసారీ కొండ ఆ అరుపునే తిరిగి ఇచ్చింది. అవ్వ మాత్రం పలకలేదు.

సగం దూరంలో కట్టెలమోపు కనిపించింది... బొగ్గులై. పక్కన పిడి కాలిపోయిన కొడవలి. నాయన ఆ బూడిదలో కూలబడి తల బాదుకున్నాడు. మా నాయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. ఇక అవ్వ లేదనే అనుకున్నాను.

పైనుంచి ఎవరో కేకేశారు. గడ్డిపరక మొలవని పెద్ద బండ మీద, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ముడుచుకుని ఉంది అవ్వ. పాదాలు రెండూ బొబ్బలెక్కిపోయాయి. నాయన ఎత్తి భుజాన వేసుకుంటే చిన్నగా అంది...

"నిప్పు పెట్టినోన్ని ఏమీ అనొద్దప్పా. పాపం, వాని గొర్లు గుడక ఆకలితోనే ఉంటాయి."

నాయన ఆమెను అలాగే మోసుకుని కొండ దిగాడు. పెట్టింది తనేనని తర్వాత కూడా చెప్పలేకపోయాడు. అవ్వ మళ్లీ సరిగ్గా నడవలేదు, ఆ సంగతి తెలియకుండానే కన్నుమూసింది... లేక తెలిసే అలా అందేమో.

మొన్న మా అమ్మాయితో ఆ కొండకు పోయాను, వెంట వచ్చిన నాయన కింద రోడ్డు దగ్గరే ఆగిపోయాడు. గేటు, బోర్డు, నడిచేందుకు దారి... ఆ బండ మీదే నిలబడి ఫోటో తీయమంది. నాకు చేతులు రాలేదు.

దిగి వచ్చేసరికి అవతలి కొండ మీద పొగ. ముసలివాడైన నాయన రోడ్డుకు అడ్డంగా నిలబడి పోయేవాళ్లనల్లా అడుగుతున్నాడు. "పైన ఎవురైనా ఉండారేమో సూడండప్పా..."

బండ్లు ఆపుతున్నారు. వీడియో తీసుకుని పోతున్నారు.

ఆనాడు సగం ఊరు మా వెనక కొండెక్కింది. మీ ఊరి కొండ కాలితే ఇప్పుడు ఎక్కేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి... నాయనకు చదివి వినిపిస్తాను.