రెండు వేళ్ళ బ్రేకు

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు. ఎనభైల్లో, గోదావరిఖనిలో కొత్తగా డ్యూటీకి ఎక్కిన మాకు సైకిల్‌ని ముందు చక్రం మీద నిలబెట్టి తిప్పడం నేర్పింది గనిలో బొగ్గు టబ్బులు నెట్టే ఒక కాక. ఆయన పాఠమంతా గాలి పంపుతోనే. బ్రేకును నాలుగు వేళ్ళతో పట్టామా, కణుపుల మీద ఠప్పున పడేది.

"రెండే వేళ్ళు! ఎన్నిసార్లు చెప్పాలెరా?"

నెత్తురు కారుతున్నా మిగతా రెండు వేళ్ళూ మడిచే తొక్కేవాళ్ళం. విద్యలో కిటుకు అదే అనుకున్నాం. నిజానికి ఆయన కుడిచేతికి ఉన్నవే రెండు వేళ్ళు. మిగతావి టబ్బుల మధ్య నలిగిపోయాయి.

ఒకరోజు సారా కంట్రాక్టరు మనిషి గొలుసు ఊపుకుంటూ మేం సైకిళ్ళు తిప్పే గ్రౌండుకు వచ్చాడు.

"రేపటిసంది ఈడ మా లారీలు ఆగుతయ్. మల్ల కనబడితే కాళ్ళిరగ్గొడ్త."

"ముందుగాల నా చక్రం ఆపు బిడ్డా," అన్నాడు కాక. బ్రేకు నొక్కి, వెనక చక్రం గాల్లోకి లేపి, గిర్రున తిరిగాడు. చక్రం మూతికి తగిలి వాడి రెండు పళ్ళు ఎగిరిపడ్డాయి. వాడు పరుగో పరుగు. గ్రౌండు మాకే దక్కింది.

సరే, ఒప్పుకుంటాను. పళ్ళు నిజం, మూతి వాడిదన్నదే అబద్ధం. వాడు పక్కకు తప్పుకున్నాడు, వాడి వెనక నిలబడ్డ నాకు తగిలింది. మమ్మల్ని పంపుతో చితకబాదిన మనిషి నన్ను భుజాన వేసుకుని, ఏడుస్తూ దవాఖాన దాకా ఉరికాడు. మర్నాడు గ్రౌండులో లారీలు ఆగాయి. కాక ఆ తర్వాత సైకిల్‌ని డ్యూటీకి తప్ప బయటికి తీయలేదు, అదీ రెండు చక్రాల మీదే.