దక్షిణామూర్తిగారి ఎడమ చెవి

దక్షిణామూర్తిగారు చెవి ఆనించనిదే ఏ యంత్రాన్నీ నమ్మరు. ఎవరు భోజనానికి పిలిచినా ముందు ఫ్రిజ్ దగ్గరికి వెళతారు. జేబులోంచి మూరెడు స్క్రూడ్రైవర్ తీసి, మొన ఫ్రిజ్‌కీ పిడి ఎడమ చెవికీ ఆనించి కళ్లు మూసుకుంటారు. చివరికి ఎప్పుడూ ఒకటే మాట: "నాకేం తేలడం లేదు. నువ్వు విను."

ఒక గృహప్రవేశంలో పట్టుపంచె కట్టుకున్న యజమానిని డిష్‌వాషర్ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టారు.

"గరగరమంటోందండీ!"

"అయితే దసరా దాటదు."

వాళ్లు మళ్లీ పిలవలేదు. డిష్‌వాషర్ వినాయకచవితికే పోయింది.

అరిజోనాలో ఒక ఎడారి నగరానికి తాగునీళ్లు తోడే పంపుల దగ్గర ఆయన ముప్పై ఏళ్లుగా ఇంజనీరు. నైనిక ఎమ్మెస్ చేసి ఏప్రిల్‌లో ఆయన కింద చేరింది. ఆగస్టుకల్లా ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే వీసా గండం. ఆ భయంతో తన చెవుల్ని తనే నమ్మేది కాదు.

"స్క్రీన్ మీద అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి కదా అంకుల్, ఇంకా వినడం ఎందుకు?"

"స్క్రీన్‌కి దాహం వెయ్యదమ్మా. విను."

జులైలో, ఎండ నూటపదిహేడు డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న మధ్యాహ్నం, మూడో పంపు హోరు అడుగున ఆమెకు ఏదో కరకర వినపడింది, అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు. ఆయన కూడా ఎడమ చెవి ఆనించారు.

"నాకేం తేలడం లేదు. విన్నది నువ్వు, చెప్పాల్సిందీ నువ్వే."

మేనేజర్ రాజ్ నుదురు చిట్లించాడు. "ఈ ఎండలో పంపు ఆపమంటావా? నీ గెస్ రాంగ్ అయితే రిపోర్ట్ నీ ఫైల్‌లోకే వెళ్తుంది, తెలుసుగా?"

నైనికకు నగరంలో కొళాయిల దగ్గర గ్లాసులు పట్టుకున్న పిల్లలు గుర్తొచ్చారు. "ఆపండి. స్టాండ్‌బై పంపు స్టార్ట్ చేయండి," అంది.

విప్పి చూస్తే బేరింగ్ అరిగి నల్లబడి ఉంది. ఇంకొక్క రోజు తిరిగితే పంపు బిగుసుకుపోయి, సగం ఊరికి నీళ్లుండేవి కావు. రిపోర్టులో కనిపెట్టినవారి పేరు దగ్గర మూర్తిగారు నైనిక పేరొక్కటే రాశారు. ఉద్యోగం నిలిచింది.

ఆదివారం మూర్తిగారింట్లో భోజనం. ఆయన భార్య జయంతి ఎడమ పక్కనుంచి రెండుసార్లు పిలిచి, ఉలుకూ పలుకూ లేకపోతే కుడి పక్కకి తిరిగొచ్చి పప్పు వడ్డించింది.

"ఆ చెవి పంపుల హోరుకి పోయి పదేళ్లయిందమ్మా," అంది నైనికతో. "కుడిది మాత్రం పాముచెవి. వంటింట్లో నేను గొణుక్కున్నదంతా వినేస్తారు."

నైనిక చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆయన పోయిన చెవినే ఎందుకు ఆనించారో తెలిసి కళ్లు చెమర్చాయి.

సోమవారం ఆయన మళ్లీ మూడో పంపుకి ఎడమ చెవి ఆనించారు. నైనిక ఆ పక్కనే నిలబడి, పంపు హోరులో తనకే వినపడనంత మెల్లగా, "థాంక్స్ అంకుల్," అంది.

మూర్తిగారు కళ్లు తెరిచారు. స్క్రూడ్రైవర్ తుడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇవాళ మాత్రం నాకూ వినపడిందమ్మా," అన్నారు.