నా బిడ్డకు పెద్దమ్మ

అక్క పోయిందన్న కబురు నాకంటే ముందు నా బిడ్డకు తెలిసింది. బడిలో మొదటి పీరియడ్ అయ్యాక ఫోన్ చూసుకుంటే బిడ్డవి ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాను. "అమ్మా, పెద్దమ్మ పోయింది. పొద్దుగాల నుంచి దవాఖాన్లనే ఉన్న" అంది. అప్పుడు నాకు ఏడుపు రావాలి కదా, రాలేదు. "వాళ్ళింటోళ్ళు నాకు జెయ్యక నీకెందుకు జేసిన్రు ఫోన్?" అని అడిగాను. మనిషి పోయిందంటే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. ఆ కుళ్ళు ఇంకా నాలో ఉంది. దాన్ని దాచి ఈ నాలుగు ముక్కలూ రాయలేను.

ఆమె నా తోడబుట్టినది కాదు. టీచర్ ట్రైనింగ్‌లో నాకంటే ఒక ఏడాది ముందు. కాశిబుగ్గలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉండేది. నేను అక్కా అనేదాన్ని, నా బిడ్డ పెద్దమ్మా అనేది. ఇద్దరం సర్కారు బడి టీచర్లమే. నేను తెలుగు చెప్తాను, నా క్లాసులో ఫెయిలయ్యేవాళ్ళు ఉండరు, ఆ పేరు నాకు గట్టిగానే ఉంది. అయినా చదువులో తడబడే పిల్లలకు ఎలా చెప్పాలో టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి మనిషి కావాలంటే ఆఫీసువాళ్ళు ఆమెనే పిలిచారు. మొత్తుకునే గొంతు కూడా లేదు ఆమెకు! మైక్ ఇస్తే పక్కన పెట్టేది.

ట్రైనింగ్ అంటే మాకు తెలిసింది సంతకం, చాయ్, మధ్యాహ్నం భోజనం, వెనక బెంచీలో ఫోన్. అక్క వస్తే ఆ ఆటలు సాగేవి కావు. డబ్బా నిండా సర్వపిండి తెచ్చి వెనక బెంచీ నుంచి పంచడం మొదలుపెట్టేది. "వెనుక కూసున్నోళ్ళే నాకు ముందు. తినుండ్రి, తిన్నంక మాట్లాడుదాం" అనేది. నేనెప్పుడూ మొదటి వరసలో కూర్చునేదాన్ని కాబట్టి నా దాకా వచ్చేసరికి విరిగిన ముక్కలే మిగిలేవి. అదీ గుర్తుపెట్టుకున్నాను చూడండి, నా బుద్ధి అలాంటిది.

ఒకసారి ఆమె చెప్పింది, "పిల్లను తిట్టేటప్పుడు మొఖం చూడకుండ్రి. మొఖం చూస్తే మీకు ఇంకింత కోపమొస్తది. జర కాళ్ళు చూడుండ్రి." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంట్లో నా బిడ్డకు పాఠం చదివిస్తూ ఎప్పటిలాగే అరిచాను. అరుస్తూ అరుస్తూ కిందికి చూశాను. దాని కాలివేళ్ళు ముడుచుకుని గచ్చును పట్టుకుని ఉన్నాయి. అప్పుడు అది నాలుగో తరగతి. చూసి కూడా, "ఇంకోపాలి చదువు" అన్నాను.

ఆ తర్వాత అది నా ముందు చదవడం మానేసింది. పుస్తకం తెరవమంటే కడుపునొప్పి, తలనొప్పి. "పెద్దమ్మోళ్ళింటికి పోయొస్త" అంటే మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికేది. తెలుగు టీచర్ బిడ్డకు తెలుగు చదవడం రాదు. ఈ సంగతి నా బడిలో ఎవరికైనా తెలిస్తే నేను తలెత్తుకు తిరగగలనా? ఆ ఫికర్ నాకు. పిల్ల ఫికర్ పిల్లకు ఉంటుందని అప్పట్లో నాకు తోచలేదు.

ఆ ఏడాదే ఒక ట్రైనింగ్‌లో అక్క మా నలభై మందికీ ఒక జిరాక్స్ కాగితం పంచింది. ఒక పిల్ల రాసిన డిక్టేషన్, పేరు లేదు. సగానికి సగం తప్పులు. "ఈ పిల్ల తల్లికి మీరైతే ఏం చెప్తరో ఒక్క ముక్క రాసియ్యుండ్రి" అంది. కాగితం చేతిలో పడగానే గుర్తుపట్టాను. అది నా బిడ్డ రాత. పక్కామె రాస్తున్నది ఓరకంట చూశాను. "తల్లి శ్రద్ధ పెట్టడం లేదు" అని రాసింది. నేనూ అదే రాశాను. ఎవరికీ అనుమానం రాకూడదని అక్షరం పొల్లుపోకుండా అదే రాసిచ్చాను.

అక్క ఒక్కొక్క చీటీ పైకి చదివింది. చదివి, "తప్పు ఎవరైన దిద్దుతరు. ఆ తప్పు ఎట్ల జేసినవ్ బిడ్డా అని అడిగినోళ్ళు ఒక్కరు లేరు" అంది. నా చీటీ వచ్చినప్పుడు కొంచెం సేపు చూసి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. నా రాత ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

సాయంత్రం ఆటోల దగ్గర పట్టుకున్నాను. "నా బిడ్డ కాయితం నీకెట్ల దొరికింది అక్కా?"

"అదే తెచ్చిచ్చింది. టీచర్లకు చూపెట్టు పెద్దమ్మా, నా పేరు మాత్రం చెప్పకు అన్నది."

"కన్నతల్లిని, నాకెందుకు చూపెట్టలే మరి?"

"ఇయ్యాల చూసినవ్ గద చెల్లె. ఏం రాసినవ్?"

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, మంటెత్తింది. నా పిల్లను నాకు కాకుండా చేసి పైగా నన్నే అడుగుతుందా! రెండు నెలలు మాట్లాడలేదు. ఆమె మాత్రం బిడ్డ చేతికి టిఫిన్ డబ్బా ఇచ్చి పంపుతూనే ఉంది. నేను కడగకుండానే తిప్పి పంపేదాన్ని.

ఒకరోజు బిడ్డను పిలుచుకు రావడానికి వాళ్ళింటి గడప దాకా వెళ్ళాను. లోపల నా బిడ్డ పైకి చదువుతోంది. తప్పు చదివి, తానే పకపకా నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. అక్క గొంతు ఎక్కడా వినిపించలేదు. ఆ నవ్వు మా ఇంట్లో నేను విన్నది కాదు. తలుపు కొట్టలేక వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆమెను నోరారా తిట్టుకున్నాను. ఆమె చేసిన మేలు నాకు తెలుసు. తెలిసినందుకే మరీ తిట్టుకున్నాను.

బిడ్డ పది పాసైంది, డిగ్రీ చేసింది, ఇప్పుడు హనుమకొండలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తోంది. దానిలా అక్షరాల దగ్గర తడబడే పిల్లలకు పరీక్షల్లో పేపర్ చదివిపెట్టే మనిషిని ఇస్తారని కనుక్కున్నదీ, ఆ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ అక్కే. నేను సంతకాలు పెట్టాను. ఇన్నేళ్ళలో నా ముందు మాత్రం అది ఒక్క పేజీ చదవలేదు. అక్క ఉన్నన్నాళ్ళూ, ఆమె ముందు చదువుతుంది కదా అని నన్ను నేను సముదాయించుకునేదాన్ని. ఆమె పోయాక మొదటిసారి భయం వేసింది. ఇక ఈ పిల్ల చదువు వినే భాగ్యం నాకు లేనట్టే అనుకున్నాను.

పదకొండో రోజు టీచర్లందరూ ఆ ట్రైనింగ్ హాల్లోనే సంతాప సభ పెట్టారు. బిడ్డ తానూ మాట్లాడతానంది. "రెండు ముక్కలు నోటితోటి చెప్పి దిగు, కాయితం ఎందుకే?" అన్నాను. "రాసుకున్న అమ్మా. చదువుత" అంది. నా తోటివాళ్ళందరి ముందు!

చదివింది. మెల్లగా, ఆగి ఆగి చదివింది. "పెద్దమ్మకు నా..." అన్న చోట ఆగిపోయింది. తర్వాతి మాట కృతజ్ఞత అని హాల్లో అందరికీ తెలుసు. అందరూ టీచర్లే, మాట అందించడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అయినా ఒక్కరూ పెదవి కదపలేదు. ఒకరూ దగ్గలేదు, కుర్చీ జరపలేదు. ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఇంతమందికి ఇలా ఊరుకోవడం నేర్పింది ఆమే కదా అనుకున్నాను. ఆ క్షణంలో కూడా కుళ్ళుకున్నాను.

బిడ్డ తలెత్తింది. పూలదండ వేసిన అక్క ఫొటో పక్కనే ఉంది, అటు తిరగలేదు. నన్ను చూసింది. మాట నా నాలుక మీద ఉంది. పళ్ళు బిగబట్టి, దాని కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపే పట్టింది. ఆ మాటను తానే కూడబలుక్కుని పలికింది. కాగితం మీద వేలు ఒక వరస కిందికి జరుపుకుని, నన్ను ఇంకోసారి చూసి, మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.