వెండి పట్టీ

2022 వేసవిలో నేను తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, గాయాలకు కట్లు కట్టే గదిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. చదివినదాన్ని నలుగురికీ చెప్పాలన్న ఉబలాటం నాకు కాస్త ఎక్కువ.

వడమాలపేట నుంచి మునిరత్నం అనే హమాలీ వచ్చాడు. రేణిగుంటలోని గోదాములో మూటలు మోసేవాడు. షుగరు వల్ల కుడికాలి బొటనవేలి కింద పుండు పడి మానలేదు. మూట మోయాలంటే ఆ కాలు నిలవాలి. డాక్టరుగారు సిల్వర్ డ్రెస్సింగ్ రాశారు. అది వెండి కలిపిన మెత్తని పట్టీ. పుండు తేమ తగిలినప్పుడు అందులోని వెండి కొద్దికొద్దిగా విడుదలై బ్యాక్టీరియాను చంపుతుంది.

"ఇందులో వెండి ఉంది, తెలుసా?" అన్నాను గొప్పగా.

మునిరత్నం నవ్వాడు. "పెండ్లిలో మా మామ నాకు వెండి గ్లాసు గూడా పెట్టలా మేడమ్. మీరు కాలికే పెడ్తా ఉండారు!"

"మా నాయన్ని అనకుంటే నీకు పొద్దుపోదు," అంది అతని భార్య రెడ్డెమ్మ.

మూడు రోజులకొకసారి మార్చమని చెప్పి, ఇంటికి కొత్త పట్టీలు ఇచ్చి పంపాను.

కొన్ని వారాలకు వాళ్లు మళ్లీ వచ్చేసరికి పాదం వాచిపోయింది. కట్టు విప్పకముందే వాసన. లోపలి పట్టీ నల్లబడి, అంచులు పీచులు లేచి ఉంది.

"కొత్తవి ఏమయ్యాయమ్మా?"

"బీరువాలో బద్రంగా ఉండాయి సిస్టరమ్మా. దీన్నే సబ్బేసి ఉతికి, ఎండలో ఆరేసి కడ్తా వచ్చినా. వెండి గదా, యాడ పారేసేది? నా మెట్టెలు పెండ్లయినప్పట్నించీ కడుక్కుంటానే ఉండాను, ఏమన్నా సెడిపోయినాయా?"

"కుదువ పెట్టకుండా తెచ్చినావు, అంతే సాలు!" అన్నాడు అటెండరు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెడ్డెమ్మ ఒక్కొక్కరి ముఖం చూసి, చివరకు నా ముఖం చూసి, తల దించుకుంది.

"దాన్ని ఎగతాళి సెయ్యబాకండప్పా. నా కాలి కోసరమే గదా అంత కష్టపడింది," అన్నాడు మునిరత్నం. అప్పుడు గాని నా నవ్వు ఆగలేదు.

ఇన్ఫెక్షన్ ఎముకకు చేరింది. బొటనవేలు తీసేయక తప్పలేదు. పాదం దక్కింది గాని, మూట ఎత్తే పట్టు ఇక ఆ కాలికి రాదని డాక్టరుగారు చెప్పారు.

ఆపరేషన్ తర్వాత కట్టు కడుతూ, మొదటి రోజే చెప్పవలసినది రెడ్డెమ్మకు అప్పుడు చెప్పాను. పట్టీలోని వెండి పుండులోకి పోతుందని, పనిచేయగలిగినంత చేశాక మిగిలేది వట్టి గుడ్డేనని. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఈ మాట ఆ దినమే సెప్పింటే వేలు మిగిలిండునా సిస్టరమ్మా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

"మిగిలేదేమో," అన్నాను. ఆ 'ఏమో' నా కోసం చేర్చుకున్నదే.

ఇప్పుడు ఎవరికి ఆ పట్టీ కట్టినా, అందులో ఏముందో చెప్పేకన్నా ముందు అది ఎప్పటికి పనికిరాకుండా పోతుందో చెబుతాను. వాళ్ల నోట తిరిగి చెప్పించుకుంటాను. ఎంత ఓపికగా చెబుతారని కొత్త నర్సులు మెచ్చుకుంటారు. ఆ మెప్పుకు తలెత్తి బదులివ్వడం నాకు నేటికీ చేతకాలేదు.