అండాలో కలిసిన పానకం

వంటింట్లో ఉన్నది ముగ్గురం: నేను, అవ్వ, గడప దగ్గర కుర్చీలో తాత. బల్ల మీద డిజిటల్ త్రాసు, తాటిబెల్లం, దంచిన శొంఠి, మిరియాలు, యాలకులు, నిమ్మకాయలు, మూత ఉన్న ఇత్తడి చెంబు.

ఆ రోజు శ్రీరామనవమి. సాయంత్రం తాతను కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ కంటాసుపత్రికి తీసుకుపోయి చేర్పించాలి. మర్నాడు పొద్దున శుక్లాల ఆపరేషన్. చేర్చుకునేటప్పుడు షుగరు రెండు వందలు దాటితే తిప్పి పంపేస్తామని ముందే చెప్పారు. ఒకసారి అలా పంపేశారు కూడా. అప్పటినుంచి తాత మగ్గం మీద తెగిన పోగు కనబడక, వేళ్లతో తడిమి ముడి వేస్తున్నాడు.

పానకం లేకుండా పండగేమిటని తాత ముందురోజే పేచీ పెట్టాడు. అందుకని అవ్వ వేసే బెల్లంలో నాలుగో వంతే తూచి, శొంఠి, నిమ్మరసం పెంచి నేనే కలిపాను. తాత మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అదే నాకు నచ్చలేదు. కాఫీలో చక్కెర తగ్గిస్తే పూటంతా అలిగే మనిషి.

నైవేద్యం పెట్టకముందు రుచి చూడకూడదు. అంటే ఎవరైనా ఇంకో గడ్డ వేసినా నాకు తెలిసే దారి లేదు. నా అనుమానమంతా అవ్వ మీద. చెంబుకు మూత పెట్టి పక్కనే కూర్చున్నాను. ఆమె ఉప్పు డబ్బా కోసం వచ్చినా చేతుల వైపే చూశాను. అవ్వ అది గమనించింది.

“చెంబుకు కావలి ఉండావా? తాళం కూడా వేసుకో నాయనా,” అంది.

మధ్యాహ్నం ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో తాతను పట్టుకుని వీధి చివర భజన మందిరానికి వెళ్లాను. రాముడి పటం ముందు పెద్ద అండా పెట్టి ఉంది. మా నేతవీధిలో ప్రతి ఇంటి పానకమూ అందులోనే పోసి, పూజయ్యాక అందరికీ పంచుతారు. హాస్టల్లో ఉన్న ఏళ్లలో నేనది మరిచేపోయాను. తాత మరవలేదు. నా చేతిలోంచి చెంబు తీసుకుని, తడుముతూ అండా అంచు పట్టుకుని, మొత్తం వంచేశాడు.

పూజయ్యాక ఒక గ్లాసు తాగి, ఖాళీ గ్లాసు మళ్లీ చాచాడు. నేను వద్దన్నాను.

“నీది కూడా దీంట్లోనే ఉండాదిలేరా,” అన్నాడు.

సాయంత్రం ఇద్దరం విరుదునగర్ బస్సెక్కాం. ఆసుపత్రిలో నర్సు ఆయన వేలు పొడిచింది. మీటరు మీద అంకె కనబడక, ఎంతరా అని తాత నన్నే అడిగాడు.

రెండు వందల ముప్పై ఎనిమిది.