కొత్త డబ్బాకు కొబ్బరికాయ

మాది కట్టంగూర్. మా అమ్మాయి స్వప్న ఇంటి నుంచే ఓ విదేశీ కంపెనీ నెట్‌వర్క్ చూసుకుంటుంది. అందులో ఒక్కో భాగం ఒక్కో సంస్థది కావడంతో, ఎక్కడ చెడినా ఐదు సంస్థలకు ఫోన్ చేసేది. అందరూ "మాది కాదు" అనేవారు. వినీవినీ నాకే విసుగొచ్చేది. చివరికి ఆమె పట్టుబట్టి పనంతా ఒకే సంస్థకు ఇప్పించింది. ముందు వాళ్లు పంపిన నెట్‌వర్క్ డబ్బాను మా ఇంట్లోనే నడిపి పైవాళ్లకు చూపాలి. కుదరకపోతే మళ్లీ ఆ ఐదుగురే.

కొత్త వస్తువు కదా అని బొట్టు పెట్టి, పక్కనే కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు లోపలికి పోయి డబ్బా ఆగిపోయింది.

"హ్యాకర్లను ఆపే డబ్బానే అమ్మా గిది, నిన్ను ఆపలేకపాయె" అని స్వప్న తల పట్టుకుంది.

సంస్థకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాడే వేరే డబ్బా వచ్చింది. ఒక్క ఫోన్‌తో పని తేలిందని పైవాళ్లు మెచ్చుకున్నారట. అంతా దేవుడి దయ.

ఈ రెండో డబ్బాకు మాత్రం గడప అవతలి నుంచే దండం పెట్టాను.