సంచిమూతి ముడి

"ఏమే, ఇటు జర చూడు. ఈ తాడు కట్టుడు నేర్చుకో," అన్నాడు మా ఆయన.

"నాకు వేరే పని లేదా? బూట్లు తెచ్చింది నువ్వు, నువ్వే కట్టు," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆయన గడపలో గొంతుకూర్చుని మా బిడ్డకు బడి బూట్లు కడుతున్నాడు. నేను పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. ఆ మధ్యాహ్నమే ధాన్యం గంజ్‌లో, బస్తా వీపు మీద ఉండగానే కూలబడ్డాడు. దవాఖానకు చేరేసరికి లేడు. మా చెల్లెలి బిడ్డ రాసిపెడతానంది కాబట్టి ఇదంతా చెప్తున్నాను. నాకు సంతకం తప్ప ఏమీ రాదు.

అప్పుడు నా బిడ్డకు ఏడేళ్లు. బడిలో నల్ల బూట్లు లేనిదే ప్రార్థన లైనులో నిలబడనివ్వరు. దినాలు అయ్యాక పిల్లను తయారు చేయబోతే, ఆ తాడు ఎటు నుంచి ఎటు పోవాలో నాకు తెలియలేదు. మా గల్లీలో బూట్లు వేసుకునేవాళ్లే లేరు, ఎవరిని అడగాలి? చీలమండ చుట్టూ తిప్పి కట్టి పంపాను. లైనులో తాడు ఊడి కాళ్లకు చుట్టుకుంటే పిల్ల పడింది. మోకాలు చీరుకుని ఇంటికొచ్చింది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాతను అడిగితే ఆయన నవ్వాడు. నలభై ఏళ్లుగా బూట్లు కుడుతున్నాడట, ఒక్కనాడు తన కాలికి వేసుకున్నది లేదట, ఇక ముడి సంగతి తనకేం తెలుసు అన్నాడు.

అప్పటికే నేను గంజ్‌లో పనికి కుదిరాను. కందులు, మినుములు నింపిన బస్తాల మూతి సుతిలి తాడుతో కుట్టే పని. కుట్టు చివర ఒక ముడి వేస్తాం. లారీలో ఎంత దూరం పోయినా అది సడలదు. దబ్బనం మొన పెట్టి సరైన పోగు లాగడం తెలిసినవాళ్లకే విడుతుంది. మరునాడు బిడ్డ బూట్లకు ఆ ముడే వేశాను. నిలిచింది.

సాయంత్రం బడి వదలగానే బిడ్డ నేరుగా గంజ్‌కు పరుగెత్తుకొచ్చేది. బస్తా మీద కూర్చుని రెండు కాళ్లూ నా ఒడిలో పెట్టేది. నేను విప్పుతుంటే బడి ముచ్చట్లన్నీ చెప్పేది. పొద్దంతా నాతో ఒక మనిషి మాట్లాడేది ఆ కాసేపే. గుమాస్తా "ఏయ్" అని పిలిచేవాడు. పొద్దున నేను వాకిట్లోకి వస్తే, పనిమీద పోయేవాళ్లు ఎదురు రాకుండా పక్కకు తప్పుకునేవాళ్లు.

కొన్నాళ్లకు బడిలో టీచరమ్మ పిల్లకు బూటు ముడి నేర్పింది. పిల్ల సంబరంగా నా ముందు కూర్చుని వేసి చూపించింది. ఇటొక చెవి, అటొక చెవి, ఒకదాని కింద నుంచి ఒకటి. ఒక్కసారి చూడగానే నాకూ వచ్చేసింది. అందులో కష్టమేం లేదు. కొస పట్టి లాగితే ఎవరైనా విప్పుకోవచ్చు. అలాగైతే బిడ్డ ఇంక నా దగ్గరికి ఎందుకు వస్తుంది?

"అది ఊడుతది బిడ్డా, మళ్ల పడ్తవు," అన్నాను. విప్పేసి నా ముడే వేశాను.

ఇక రోజూ పొద్దున పేచీయే.

"నీ ముడి చూసి పోరగాండ్లు నన్ను మినుముల బస్తా అంటున్రు."

"అననీ. బస్తా ఎన్నడన్న జారి పడ్డదా?"

వానాకాలంలో ఒక అమావాస్య వచ్చింది. అమావాస్యకు గంజ్ బంద్. కోహీర్‌లో మా అమ్మను చూసి, బడి వదిలే వేళకు వచ్చేద్దామని పోయాను. వాగు పొంగి బస్సు ఆగిపోయింది. నేను వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. బిడ్డ తడిసిన బూట్లతో అరుగు మీద కూర్చుని ఉంది. పక్కింటామె కత్తి తెచ్చి తాళ్లు కోస్తానంటే వద్దందట. మా అమ్మ వచ్చి విప్పుతుంది అందట.

నీళ్లకు ఉబ్బి ముడి రాయిలా అయింది. దబ్బనం దిగలేదు. చివరికి నేనే బ్లేడుతో కోశాను. మేజోళ్లు తీస్తే పాదాలు తెల్లగా నాని ఉన్నాయి, మడమల దగ్గర తోలు లేచింది. బిడ్డ ఏడవలేదు.

"నాకొచ్చిన ముడి మంచిగనే ఉండె గదమ్మా," అంది.

నేను కోసిన తాళ్ల ముక్కలు ఏరాను.

కొత్త తాళ్లు కొన్నాను. కాళ్లు మానాక తనే కట్టుకుంది. బడి వదిలాక పిల్లలతో ఆడుకుని, అటు నుంచి అటే ఇంటికి పోయేది. ఆ వేళకు నేను మూతులు కుడుతూనే గంజ్ గేటు వైపు చూసేదాన్ని. ఇంటికి పోయి, ఇయాల బడిలో ఏం జరిగింది అని అడిగితే, ఏం లేదమ్మా అనేది.

ఇప్పుడు ఆమె మొగుడంపల్లిలో కాపురం చేసుకుంటోంది. మా అమ్మకు పాపం లేసు కట్టడం రాదు, నన్ను సంచిలా కుట్టి బడికి పంపేది అని తన పిల్లలను నవ్విస్తుంది. నేనూ వాళ్లతో నవ్వుతాను. అది నిజం కాదని ఎదురుగా చెప్పాలంటే ఇన్నేళ్లలో ఒక్కనాడూ నోరు లేవలేదు. అందుకే రాయించి ఆమెకు పంపుతున్నాను.

నా చెల్లెలి బిడ్డవు, నువ్వు మెత్తని దానివి తల్లీ, నా మీద జాలిపడి రాసేటప్పుడు మాట మార్చినవేమో. ఆ ముడి నాకు వచ్చి కూడ, బిడ్డ నా తానకే రావాలెనని గట్ల కట్టిన అని ఉండాలె. రాసినవా? ఏదీ, మొదటిసంది జర చదువు, వింట.